నాలుగు గంటల తేడా

మా తమ్ముడికి ముప్పై నాలుగేళ్ళు. మీసం ఉంది, నడినెత్తిన బట్టతల మొదలైంది, నాలుగేళ్ళ కూతురు కూడా ఉంది. అయినా ఇంట్లో వాడు చిన్నోడే. ఆ చిన్నోడి ఎడమ కాలికి, మడమ పైన, నల్లటి రబ్బరు పట్టీ ఒకటి ఉండేది. పట్టీలో అగ్గిపెట్టంత యంత్రం, ఆ యంత్రంలో ఒక గడియారం. ఇదంతా ఆ గడియారం చేసిన నిర్వాకం. అందులో నా నిర్వాకం కూడా ఉంది కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నాను.

చిన్నోడు ఏ పాపం ఎరగనివాడని నేను ఎవరితోనూ వాదించను. వ్యాను నడుపుతూ ఫోను చూసుకున్నాడు. రోడ్డు దాటుతున్న ఒక పెద్దాయన్ని గుద్దాడు. ఆయన బతికాడు గానీ ఈనాటికీ చేతికర్ర లేకుండా నడవలేడు. వీడికి ఆరు నెలలు జైలు, ఆ తర్వాత పది నెలలు ఇంట్లోనే కాపలా శిక్ష పడింది. ఆ పది నెలల కోసమే పట్టీ. ఎవరైనా బాధ్యత తీసుకుని తమ ఇంట్లో ఉంచుకోవాలన్నారు. మరదలు కూతుర్ని తీసుకుని వాళ్ళ అమ్మగారింటికి వెళ్ళిపోయింది. "ఆ కాలికున్నది ఊడాక కబురు చెయ్యి, వస్తాను" అని మాత్రం అంది. ఇక మిగిలింది నేను. ఒంటరి మనిషిని, మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు, ఇరవై రెండేళ్ళ ఉద్యోగం. కాగితం మీద చూస్తే నాకంటే బాధ్యత గల మనిషి ఊళ్ళో దొరకదు.

నియమాలు సులువుగానే ఉన్నాయి. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఐదు దాకా వడ్రంగి షాపుకి పనికి వెళ్ళొచ్చు. మిగతా వేళల్లో గడప దాటకూడదు. హాల్లో బల్ల మీద పెట్టిన డబ్బా ఒకటి, పట్టీ దగ్గరున్నదీ లేనిదీ కనిపెడుతూ ఉంటుంది. బాల్కనీలో బట్టలు ఆరేయాలంటే చిన్నోడు ఎడమ కాలు గదిలో ఉంచి, కుడి కాలు బయట పెట్టి, నడుము వంచి ఆరేసేవాడు. సాయంత్రం రెండు గంటలు పట్టీకి ఛార్జింగు. తీగ పొట్టిది కాబట్టి గోడ పక్కన నేల మీదే కూర్చోవాలి. కట్టుగొయ్యకి కట్టేసిన గొడ్డులా అక్కడే టీ తాగేవాడు, అక్కడే కూతురితో ఫోనులో మాట్లాడేవాడు.

మూడుసార్లు నియమం తప్పితే విచారణ. విచారణలో తప్పు తేలితే మళ్ళీ జైలే. ఇంట్లో గడిపిన నెలలు లెక్కలోకి రావు, పది నెలలూ మొదటి నుంచి లోపలే గడపాలి. వాడు జైలు నుంచి వచ్చిన రోజు నాతో ఒకే ఒక్క మాట అన్నాడు. "అక్కా, ఇంకోసారి పంపిస్తే నేను మనిషిగా బయటికి రాను." వాడిది మామూలుగా వేళాకోళం నోరు. ఆ మాట మాత్రం వేళాకోళంగా అనలేదు.

నా ఉద్యోగం గురించి కూడా చెప్పాలి. నేను వాతావరణ పరిశీలన కేంద్రంలో పని చేస్తాను. ఎండ, వాన, గాలి, మబ్బు ఎప్పుడు వచ్చాయో, ఎంతసేపు ఉన్నాయో రాస్తాను. మా లెక్కలు ఒక్క ఊరికి సంబంధించినవి కావు. దేశదేశాల కేంద్రాలు పంపేవన్నీ ఒకే పటం మీద కలపాలి. ఎవరి ఊరి టైము వాళ్ళు రాస్తే ఆ పటం గందరగోళమే. అందుకని అందరం ప్రపంచ సమయం అని ఒకే టైములో రాస్తాం. అది మా ఊరి టైము కంటే నాలుగు గంటలు వెనక. పొద్దున ఏడైతే మా పుస్తకంలో మూడు. టైము పక్కన ప్రపంచ సమయమని తెలిసేలా చిన్న గుర్తు వేస్తాం. ఉద్యోగంలో చేరిన ఏడాదే నా చేతి గడియారాన్ని ఆ టైముకి తిప్పుకున్నాను, మళ్ళీ వెనక్కి తిప్పలేదు. కొత్తలో ఒక పెళ్ళికి నాలుగు గంటలు ఆలస్యంగా వెళ్ళి, కుర్చీలు మడతపెడుతున్న వాళ్ళ చేతికి కానుక ఇచ్చి వచ్చాను. "మా అక్క చెయ్యి ఒక దేశంలో, తక్కిన ఒళ్ళు ఒక దేశంలో" అని చిన్నోడు అందరికీ చెప్పి నవ్వేవాడు. రాను రాను అదెలా అలవాటైందంటే, గడియారంలో మూడు పది చూస్తే నా బుర్రలో ఏడు పది అనే వినిపిస్తుంది.

పట్టీ వేసిన రోజున పర్యవేక్షణాధికారి నాతో, "ఎప్పుడు వెళ్ళాడో, ఎప్పుడొచ్చాడో మీరు కూడా ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండమ్మా. ఏదైనా తేడా వస్తే పనికొస్తుంది" అన్నాడు. రాయడమంటే నాకు చెప్పాలా? ఆ రోజు నుంచి ప్రతి పొద్దునా బాల్కనీలో నిలబడి, వాడు వీధి మలుపు తిరిగేదాకా చూసి, చేతి గడియారం చూసి రాశాను. సాయంత్రం నేను మూడున్నరకే ఇంటికొస్తాను కాబట్టి వాడి రాకా నా కళ్ళ ముందే. ఊరుకుంటానా, పనిలో పనిగా వాన పడితే వాన, గాలి వీస్తే గాలి కూడా రాశాను.

ఎనిమిది నెలలు ఏ గొడవా లేకుండా గడిచాయి. ఆ నెల మూడో తారీఖు సాయంత్రం, పట్టీకి పగుళ్ళు వచ్చాయని పాతది తీసి కొత్త రకం పట్టీ వేసి వెళ్ళారు. "ఇది తేలిగ్గా ఉందక్కా, నగలా ఉంది" అని చిన్నోడు కాలు చాపి మురిసిపోయాడు. పదిహేడో తారీఖు సాయంత్రం ఉత్తరం వచ్చింది. నాలుగో తారీఖు నుంచి పదహారు లోపల పదకొండుసార్లు అనుమతి లేని వేళలో ఇల్లు విడిచాడట. తొమ్మిది రోజుల్లో విచారణ. అప్పటిదాకా పనికి కూడా వెళ్ళకూడదు. శిక్ష పూర్తి కావడానికి నలభై ఒక్క రోజులు మిగిలి ఉన్నాయి.

ఉత్తరంలో తారీఖులున్నాయి గానీ టైములు లేవు. కంపెనీకి ఫోను చేశాను. అది పట్టీలూ సర్వర్లూ నడిపే కంపెనీ.

"ఏ టైముకి వెళ్ళాడో చెప్పండి, అది చాలు నాకు" అన్నాను.

"ఆ వివరాలు ఆఫీసుకే ఇస్తామండీ" అంది ఫోనులో అమ్మాయి.

ఆఫీసుకి చేస్తే, "విచారణ రోజు చెప్తారమ్మా, అదే పద్ధతి" అన్నాడు అధికారి. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరిగి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ తొమ్మిది రోజులు ఇల్లు ఇల్లులా లేదు. చిన్నోడు కాలుగాలిన పిల్లిలా హాలు నుంచి వంటింటికి, వంటింటి నుంచి హాలుకి తిరిగేవాడు. ఎన్ని అడుగులో కూడా లెక్కపెట్టాడు, పద్నాలుగట. కిటికీ రెక్క ఊడిందని బిగించాడు, బల్ల కాలు సరిచేశాడు, నా స్టూలుకి కొత్త చెక్క వేశాడు. మూడో రోజుకి ఇంట్లో బాగుచేయడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడిక కూర్చుని ఆలోచించడం మొదలుపెట్టాడు. వాడు ఆలోచిస్తేనే నాకు భయం.

"అక్కా, నేను నిద్రలో గానీ నడుస్తున్నానేమో?" అన్నాడు ఒక పొద్దున.

"నీ మొహం. నిద్రలో నువ్వు పక్కకి కూడా దొర్లవు."

"మరి పదకొండుసార్లు ఎవడు వెళ్ళాడు? యంత్రానికి నా మీద పగా?" అని, "పడుకునే ముందు తలుపుకి తాళం వేసి, తాళంచెవి నీ దిండు కింద పెట్టుకో" అన్నాడు.

తాళం వేశాను. వేసి రెండుసార్లు లాగి చూశాను, ఎందుకంటే ఆపాటికి నాకూ అనుమానం పుట్టింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ పుట్టింది. యంత్రాలతో ఇరవై రెండేళ్ళు పని చేసినదాన్ని, యంత్రం అబద్ధమాడుతుందని చప్పున అనుకోలేకపోయాను. కూతురి మీద బెంగతో దొంగతనంగా వెళ్ళి చూసి వస్తున్నాడేమో అనిపించింది. ఆరో రోజు అడిగేశాను.

"చిన్నోడా, నా మీద ఒట్టేసి చెప్పు. ఎక్కడికైనా వెళ్ళావా?"

వాడు ఛార్జింగు తీగ పక్కన నేల మీద ఉన్నాడు. తలెత్తి నన్ను చూశాడు. కోప్పడలేదు. "నువ్వు కూడానా అక్కా?" అన్నాడు. ఆ పూట తిండి ముట్టలేదు. నేను వంటింట్లో గిన్నెలు కడుగుతూ నన్ను నేను తిట్టుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, నా దగ్గర పుస్తకం ఉంది కదా! వాడు ఎప్పుడు వెళ్ళాడో, ఎప్పుడొచ్చాడో నిమిషాలతో సహా నా చేతిరాతలో ఉంది. పేజీలు తిరగేశాను. నాలుగో తారీఖు ఏడు పది, ఐదున ఏడు పన్నెండు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. అన్నీ సరిగ్గా ఉన్నట్టే నాకు కనిపించాయి.

"రేపు ఈ పుస్తకం వాళ్ళ మొహాన కొడతాను, నువ్వు నిబ్బరంగా ఉండు" అన్నాను విచారణకి ముందు రోజు. చిన్నోడు ఆ పుస్తకాన్ని చేతిలోకి తీసుకోకుండా అట్ట మీద వేలితో నిమిరాడు. నా గీతల రాత ఎలాగూ నాకు తప్ప ఎవరికీ అర్థం కాదని వాడి నమ్మకం.

విచారణ గది చిన్నది. పొడుగు బల్ల, వెనక గోడ మీద గడియారం, మూసేసిన కిటికీలు. బల్లకి అవతల అధ్యక్షురాలు, గొలుసు కట్టిన కళ్ళజోడుతో. ఒక పక్క టైపిస్టు, ఇంకో పక్క లాప్‌టాప్ పెట్టుకుని కంపెనీ ఇంజినీరు. మా పర్యవేక్షణాధికారి గోడవార కుర్చీలో ఉన్నాడు. చిన్నోడు లోపలికి వస్తూనే తలుపు ఎక్కడుందో, ఎంత దూరమో చూసుకున్నాడు. జైలు నుంచి వచ్చినప్పటి నుంచి వాడికది అలవాటు.

"నాలుగో తారీఖు తెల్లవారుజామున మూడు గంటల పది నిమిషాలకి ఎక్కడికి వెళ్ళావు?" అని అడిగింది అధ్యక్షురాలు.

చిన్నోడు కళ్ళు తేలేశాడు. "మూడింటికా? ఎక్కడికీ లేదు మేడం. నిద్రపోతున్నాను."

"ఐదున మూడు పన్నెండు, ఏడున మూడు తొమ్మిది. రోజూ అదే వేళకి బయలుదేరి మధ్యాహ్నం పన్నెండు నలభై ప్రాంతంలో తిరిగొస్తున్నావు. వడ్రంగి షాపులో నాలుగున్నర దాకా ఉంటున్నానని ఇక్కడ రాసిచ్చావు. ఏది నిజం?"

"షాపే నిజం మేడం. మేస్త్రిని అడగండి."

"మేస్త్రి నీ మనిషి" అన్నాడు ఇంజినీరు. "పట్టీ పంపిన ప్రతి కబురునీ టైముతో సహా సర్వర్ దాచుకుంటుంది మేడం. మధ్యలో ఎవరి చెయ్యీ పడదు. సర్వర్‌కి చుట్టరికాలుండవు."

ఆ చివరి మాట నా వైపు చూసి అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. లేచి, పుస్తకం తీసుకెళ్ళి అధ్యక్షురాలి ముందు పెట్టాను.

"ఇదిగోండి మేడం. ఎనిమిది నెలలుగా వాడు ఏ నిమిషానికి వెళ్ళాడో, ఏ నిమిషానికి వచ్చాడో నా కళ్ళతో చూసి రాశాను. ఆ సర్వరో, నా పుస్తకమో, ఏదో ఒకటే నిజం!"

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పేజీలు తిప్పింది. ఒకచోట ఆగింది. పక్కనున్న కంపెనీ కాగితం మీద వేలు పెట్టింది, మళ్ళీ నా పుస్తకం మీద పెట్టింది.

"ఇది మీ చేతిరాతేనా?"

"నాదే మేడం" అన్నాను గర్వంగా.

"నాలుగో తారీఖు. మూడు పది, బయలుదేరాడు. పన్నెండు నలభై ఒకటి, వచ్చాడు" అని చదివింది. "ఐదు. మూడు పన్నెండు, బయలుదేరాడు."

మూడు పది అని విన్నా నాకేమీ అనిపించలేదు. చెప్పానుగా, నా చెవికి అది ఏడు పదే. తల తిప్పి చిన్నోడి మొహం చూశాకే తెలిసింది. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "అక్కా, ఏం రాశావక్కా?" అన్నాడు. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. అప్పుడు అర్థమైంది. చేతి గడియారం చూసి రాశాను, గుర్తు కూడా వేయలేదు. ఇంటి పుస్తకమే కదా అని. వాణ్ణి కాపాడడానికి తెచ్చిన కాగితంతో వాణ్ణి నా చేతులారా జైలుకి పంపిస్తున్నాను.

గబగబా చెప్పడం మొదలుపెట్టాను. మా ఆఫీసు, ప్రపంచ సమయం, నాలుగు గంటల తేడా, చేతి గడియారం. ఎంత వేగంగా చెబితే అంత అబద్ధంలా వినిపించింది, నాకే. గడియారం విప్పి బల్ల మీద పెట్టాను. గోడ మీద పదకొండు ఇరవై, నా గడియారంలో ఏడు ఇరవై.

"ఇంట్లో తమ్ముడి రాకపోకలు రాసుకోవడానికి ప్రపంచ సమయం దేనికమ్మా?" అంది అధ్యక్షురాలు.

"అలవాటు మేడం."

ఇంజినీరు నవ్వాడు. "గడియారం ఇప్పుడు బయట మెట్ల మీద తిప్పుకుని రావచ్చు మేడం. పుస్తకం, సర్వర్ నిమిషాలతో సహా కలిశాయి. అక్కగారే సాక్ష్యం ఇచ్చారు. ఇంకేం కావాలి?"

నిజమే, ఇంకేం కావాలి? గోడవార కూర్చున్న పర్యవేక్షణాధికారి కుర్చీ జరిపాడు. చిన్నోడు తల వంచుకుని కాలి పట్టీని చూసుకుంటున్నాడు. ఇంజినీరు మాటలోనే ఏదో ఉందని నాకు తట్టింది గానీ చేతికి చిక్కడం లేదు. పుస్తకం, సర్వర్ కలిశాయి. నిమిషాలతో సహా కలిశాయి. నా పుస్తకం ఏ టైములో ఉందో, సర్వరూ అదే టైములో ఉంది! అంటే నా పుస్తకం ఏ టైములో ఉందో రుజువు చేస్తే చాలు. నా మాట ఎవరూ నమ్మరు. ఇంకెవరి మాటైతే నమ్ముతారు?

"మేడం, పదకొండో తారీఖు పేజీ తీయండి" అన్నాను. "పైకి చదవండి."

ఆవిడ విసుగ్గా తీసింది. "మూడు పద్నాలుగు, బయలుదేరాడు. గొడుగు మర్చిపోయాడు, వెధవ. మూడు ఇరవై, పెద్ద వాన, ఈశాన్యపు గాలి. మూడు యాభై ఐదు, వాన ఆగింది." చదివి నా వైపు చూసింది. "ఏమిటిది?"

"ఆ వాన ఎప్పుడు పడిందండీ? తెల్లవారుజామున మూడింటికా?"

అంతవరకూ తల ఎత్తకుండా కొడుతున్న టైపిస్టు చేతులు ఆగిపోయాయి.

"కాదు మేడం" అందావిడ. "శుక్రవారం కదా అది. పొద్దున ఏడున్నరకి నేను బస్టాపులో ఉన్నాను. చెప్పులు కూడా కొట్టుకుపోయాయి. ఆ రోజు మీరు నాకు మీ శాలువా ఇచ్చారు, గుర్తుందా?"

అధ్యక్షురాలు కళ్ళజోడు తీసేసింది. శాలువా ఆవిడకి గుర్తొచ్చింది, మొహం చూస్తే తెలిసింది.

"మా కేంద్రంలో కూడా ఆ వాన మూడు ఇరవైకే మొదలైనట్టు రాసి ఉంటుంది మేడం" అన్నాను. "అప్పుడు డ్యూటీలో ఉన్నది నేను కాదు, వేరే ఆయన. ఇప్పుడే ఫోను చేసి అడగండి. ఏడు ఇరవైకి పడ్డ వాన మా లెక్కలో మూడు ఇరవై. ఏడు పద్నాలుగుకి వెళ్ళిన మా తమ్ముడు మూడు పద్నాలుగు. ఆ సర్వర్‌లో కూడా మూడు పద్నాలుగే ఉంది. నేను పక్కన గుర్తు వేయడం మర్చిపోయాను. అదెందుకు మర్చిపోయిందో వాళ్ళనే అడగండి."

ఆవిడ మా కేంద్రానికి ఫోను చేయించింది. తర్వాత ఇంజినీరు తన కంపెనీకి చేశాడు. అతను గది మూలకి వెళ్ళి పది నిమిషాలు గొణిగాడు. వెనక్కి వచ్చేసరికి నవ్వు లేదు.

"పాత పట్టీలు ఇక్కడి టైము పంపేవి మేడం. కొత్త రకం ప్రపంచ సమయం పంపుతుందట, పక్కన గుర్తుతో. మా సర్వర్ అంకెలు దాచుకుని గుర్తు వదిలేస్తోంది. అన్నిటినీ ఇక్కడి టైమే అనుకుంటోంది."

"కొత్త పట్టీలు ఎంతమందికి వేశారు?"

"పదిహేడు మందికి."

"అందులో మళ్ళీ జైలుకి వెళ్ళినవాళ్ళు?"

అతను లాప్‌టాప్‌లో జాబితా కిందికి జరిపాడు. "ఇద్దరు" అన్నాడు చివరికి.

వాళ్ళు కూడా ఇలాగే నిలబడి, నిద్రపోతున్నాను మేడం అని చెప్పి ఉంటారు. వాళ్ళ అక్కలు వాన రాసుకుని ఉండరు. అధ్యక్షురాలు ఆ ఇద్దరి వివరాలు సాయంత్రంలోగా తన బల్ల మీద ఉండాలంది. చిన్నోడి పదకొండు తప్పులూ కొట్టేసింది. నేను ఏడ్చాను. చిన్నోడు ఏడవలేదు. "ఇక ఇంటికి వెళ్ళొచ్చా?" అని మాత్రం అడిగాడు.

అంతటితో అయిపోతే బాగుండేది. సర్వర్‌ని సరిచేయడానికి ఆరు వారాలు పడుతుందన్నాడు ఇంజినీరు. పాత పట్టీలు నిల్వ లేవు. ఒక్క మనిషి కోసం నియమాల వేళలు మార్చాలన్నా పై నుంచి అనుమతులు రావాలి. చిన్నోడు ఏడింటికి గడప దాటితే సర్వర్ మళ్ళీ మొర్రోమంటుంది, మళ్ళీ ఉత్తరం వస్తుంది. చివరికి అందరూ కలిసి తేల్చిందేమిటంటే, మిగిలిన ముప్పై రెండు రోజులూ పట్టీ టైము ప్రకారమే నడుచుకోవాలని. పట్టీకి ఏడంటే మాకు పదకొండు, పట్టీకి ఐదంటే మాకు రాత్రి తొమ్మిది.

"గెలిచింది మనమే కదక్కా?" అన్నాడు చిన్నోడు మెట్లు దిగుతూ. "మరి ఊరంతా ఒక టైములో, నేనొక్కణ్ణీ ఇంకో టైములో ఏమిటి?"

మేస్త్రి మంచివాడు. సణుగుతూనే షాపు తాళంచెవి ఒకటి ఇచ్చాడు. అందరూ వెళ్ళిపోయాక చిన్నోడు ఒంటరిగా చిత్రిక పట్టుకుంటూ ఎనిమిదిన్నర దాకా పని చేసేవాడు. ఆ వేళకి బస్సులు తక్కువ, అందుకని తొమ్మిదిలోగా ఇల్లు చేరడానికి పరుగెత్తేవాడు. పొద్దున మాత్రం ఆరింటికే లేచేవాడు. బూట్లు వేసుకుని, హాల్లో గోడ గడియారానికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. నేను ఎనిమిదింటికి ఆఫీసుకి వెళ్ళేటప్పుడు అలాగే ఉండేవాడు. పేపరు ఇస్తే ఒళ్ళో పెట్టుకునేవాడు, చదివేవాడు కాదు. ఒక సెలవు రోజు నేనూ ఇంట్లో ఉండి చూశాను. పదకొండు కొట్టింది. వాడు లేవలేదు. ముల్లు ఇంకో నిమిషం కదిలాక లేచాడు.

"ఆ ఒక్క నిమిషం దేనికిరా?" అన్నాను.

"గడియారాలు వాటిలో అవి పోట్లాడుకుంటే మధ్యలో నేను నలిగిపోతాను. ఒక నిమిషం ఎక్కువే ఇచ్చేస్తే పోలా?" అన్నాడు.

విచారణ అయ్యాక నేను పుస్తకం రాయడం మానేయలేదు. ప్రతి టైము పక్కనా గుర్తు వేశాను, రెండేసిసార్లు. నేను ఆఫీసులో ఉంటే వాడు గడప దాటుతూ ఫోను చేసి చెప్పేవాడు; పనికి వెళ్ళిన ప్రతి రోజూ ఒకే అంకె, ఏడు దాటి ఒక నిమిషం.

ఆఖరి రోజు రాత్రి చిన్నోడు ఇల్లు చేరాక పర్యవేక్షణాధికారి వచ్చాడు. కత్తెర లాంటి పనిముట్టుతో పట్టీ కత్తిరించి, డబ్బాతో సహా సంచిలో వేసుకున్నాడు. "ఇక మీ ఇష్టం బాబూ, ఎక్కడికైనా వెళ్ళొచ్చు" అని చేయి కలిపి వెళ్ళాడు. కాలి చుట్టూ చర్మం పాలిపోయి తెల్లటి వలయంలా ఉంది. చిన్నోడు దాన్ని రుద్దుకుంటూ కూర్చున్నాడు. మరదలికి కబురు చేశాను. పిల్లని తీసుకుని పొద్దున ఎనిమిదింటి బస్సుకి వస్తానంది.

మర్నాడు చూస్తే ఇంట్లో పాలు లేవు.

"చిన్నోడా, పిల్ల వచ్చేసరికి పాలుండాలి. కింద షాపుకి వెళ్ళి రెండు ప్యాకెట్లు పట్టుకురా" అన్నాను.

"అలాగే" అని బూట్లు వేసుకున్నాడు. సంచి తీసుకున్నాడు. తలుపు తీశాడు. ఎంతసేపటికీ మెట్ల మీద చప్పుడు లేదు. వంటింట్లోంచి వచ్చి చూస్తే, గడపకి ఇవతల నిలబడి ఉన్నాడు. సంచి చేతిలోనే ఉంది. తల వెనక్కి తిప్పి గోడ గడియారం చూస్తున్నాడు. సరిగ్గా ఏడైంది.

"ఏమైందిరా?"

"వెళ్తానక్కా. వెళ్తాను" అన్నాడు. కాలు కదల్లేదు. నుదుటి మీద చెమట పట్టింది. "నాకు తెలుసక్కా. అది లేదు, డబ్బా కూడా లేదు. అన్నీ తెలుసు. కాలు రావట్లేదు."

వాడి చెయ్యి పట్టుకుని లాగుదామనుకున్నాను. తిడదామనుకున్నాను కూడా, నా నోరు అలాంటిది. రెండూ చేయలేదు. వాడే కొత్త చెక్క వేసిన స్టూలు లాక్కొచ్చి గడియారం కింద వేశాను. ఎక్కాను. అద్దం తెరిచి పెద్ద ముల్లుని వేలితో తిప్పాను. ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు. పదకొండు దాటించి ఇంకో నిమిషం కూడా తిప్పాను.

చిన్నోడు గడియారాన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"అది తప్పు టైము అక్కా" అన్నాడు.

"నాకు తెలుసు. వెళ్ళు."

వెళ్ళాడు. మెట్ల మీద వాడి బూట్ల చప్పుడు మొదట మెల్లగా, తర్వాత వేగంగా వినిపించింది. స్టూలు మీద నుంచే కిటికీలోంచి చూశాను. వీధి మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, పాల షాపు వైపు తిరిగాడు. ఇరవై రెండేళ్ళలో నేను ఒక్క నిమిషం కూడా దొంగ టైము రాయలేదు. ఆ రోజు మాత్రం నాలుగు గంటల తప్పు పెట్టి, సాయంత్రం దాకా దాన్ని అలాగే ఉండనిచ్చాను.